ఊ కొట్టాల్సింది మనం

మొన్న మంగళగిరిలో, మగ్గాలున్న ఓ బజారు అంగన్‌వాడీలో నాలుగేళ్ల బుడతడు కథ చెప్పాడు. "వానొచ్చింది. మగ్గం గుంటలోకి నీళ్లొచ్చినయ్. కప్పొచ్చింది. నాయన కాలు బెట్టాడు. మెత్తగుంది." అక్కడాగి నా మొహంలోకి చూశాడు. "ఊ" అన్నాను. "నాయన ఎగిరాడు. కండె దొర్లింది. నాయనమ్మ నవ్వింది." మళ్లీ "ఊ" అన్నాను. కథ ఇంకో పావుగంట సాగింది.

రాత్రిపూట తాత కథ చెబుతుంటే మనవడు ఊ కొడతాడు. ఊ ఆగిందంటే నిద్రపోయాడని లెక్క. పిల్లల బడిలో ఇది తిరగబడాలి. చెప్పేది వాళ్లు, ఊ కొట్టాల్సింది టీచరు. ఇది నాకు తెలిసొచ్చేసరికి చాలా ఏళ్లు గడిచాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో గోడ మీద చార్టు, చేతిలో పుల్ల. "ఇదేంటి?" "కప్ప." "రంగేంటి?" "పచ్చ." మాటలు నేర్పుతున్నాననే అనుకున్నాను. ఒకరోజు ఓ పాప "మాయమ్మ కాయల కోతకి బోయింది" అని మొదలుపెట్టింది. "బోయింది కాదమ్మా, వెళ్లింది" అని దిద్దాను. ఆ పిల్ల నోరు మూసుకుంది. మిరపతోటలో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

"ఇదేంటి?" అంటే ఒక పేరు చెబితే చాలు. "ఆ తర్వాత?" అంటే ఏం జరిగిందో చెప్పాలి. "ఎందుకట్లా?" అంటే ఒక పనిని ఇంకో పనికి ముడెయ్యాలి. మన భాషలో ఆ ముడి చాలావరకు క్రియ చివరే పడుతుంది. మొదట్లో పిల్లలు "వచ్చింది, దూకింది, పోయింది" అని ముక్కలు ముక్కలుగా చెబుతారు. వినేవాళ్లుంటే అదే "వచ్చి, దూకి, పోయింది" అవుతుంది. "దూకితే" అన్నారంటే ఒకదాని వల్ల ఇంకొకటి జరుగుతుందని పట్టుకున్నారు. "దూకబోయి" అన్నారంటే జరగనిదాన్నీ ఊహించగలుగుతున్నారు. ఇక "అంట" వచ్చిందా, కంటితో చూసింది వేరు, చెప్పగా విన్నది వేరు అని తెలిసిపోయింది. వీటిలో ఏ ఒక్కదాన్నీ చార్టు మీద బొమ్మగా వెయ్యలేం.

1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండేళ్ల వయసు పిల్లల తల్లిదండ్రులకు ఇలాంటిదే నేర్పింది. బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని ఊరికే చదివెయ్యకుండా అడగడం, పిల్లలన్న మాటకు ఇంకో మాట చేర్చి తిరిగి అనడం. నెల రోజులకే ఆ పిల్లలు మాటల్లో తోటివాళ్లను దాటారు. షికాగో యూనివర్సిటీ లాబొరేటరీ స్కూల్స్‌లో పాఠాలు చెప్పిన వివియన్ పేలీ పద్ధతి నాకు ఇంకా ఇష్టం. పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, తరగతిలో వాళ్ల చేతే ఆడించేవారు. నేను పట్టుకెళ్లే నోట్‌బుక్ ఆమె చలవే.

ఈ ఊరి పిల్లలకు పడుగు, పేక, నాడె, రాట్నం ఇంట్లో దొరికే మాటలు. బళ్లోకొచ్చేసరికి అవి గుమ్మం బయటే ఆగిపోతున్నాయి. ఏబీసీడీలు ఎప్పుడు చెబుతారని తల్లులు అడుగుతారు. వాళ్లను తప్పుపట్టను, బిడ్డ మగ్గం గుంట దాటాలని ఏ తల్లికుండదు? కానీ సొంత మాటలో కథ అల్లడం వచ్చిన పిల్లలకు ఇంగ్లీషులోనూ చెప్పడానికేదో ఉంటుంది.

అంగన్‌వాడీలకు మూలమైన ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చదువు అప్పటి నుంచీ అందులో ఒక భాగం. కానీ గుడ్లు, పాలు, బరువులు, రిజిస్టర్లు, ఫోన్‌లో ఎంట్రీలు అన్నీ చూసుకునే మనిషికి ఒక్క పిల్లాడి ముందు పావుగంట కూర్చునే తీరిక ఎక్కడిది? ఆ తీరిక కూడా జీతమిచ్చే పనిలో లెక్కకు రావాలి.

ఆరోజు కప్ప కథ ఆడించాం. కప్ప ఎవరంటే అందరూ చేతులెత్తారు. ముగ్గురు చేతులు పట్టుకుని గుంటయ్యారు. "నేను నీళ్లు" అని ఓ పాప మధ్యలో చతికిలబడి, కప్ప దూకగానే "బుడుంగ్!" అంది. కథలో ఆ మాట లేదు. కథ చెప్పినవాడు పరిగెత్తుకొచ్చి నా నోట్‌బుక్ మీద వేలు పెట్టాడు.

"అది గూడా రాయి టీచర్."


రాశాను.