ఎనిమిది బటన్లు, ఒక్క తీగ

నింటెండో వాళ్ల వీడియో గేమ్ ఎన్ఈఎస్ కంట్రోలర్ వెనక ఆరు స్క్రూలు ఉంటాయి. అవి విప్పి మూత తీస్తే కనిపించే సామాను చాలా తక్కువ. ఒక సర్క్యూట్ బోర్డు, దాని మీద పదహారు కాళ్ల నల్ల చిప్, కొన్ని రెసిస్టర్లు, బటన్ల కింద పరిచిన రబ్బరు ప్యాడ్లు, బయటికి పోయే ఐదు తీగలు. ఈ అమరికే 1983లో జపాన్‌లో ఫామికామ్‌తో వచ్చింది, 1985లో అమెరికాలో ఎన్ఈఎస్‌తో అమ్ముడైంది. ఇప్పుడు ఆర్డుయినో బోర్డు కొనుక్కున్న ఏ విద్యార్థి అయినా ఒక్క పూటలో ఈ కంట్రోలర్‌ను బోర్డుకు కలిపి, ఏ బటన్ నొక్కారో కంప్యూటర్ తెర మీద చూసుకోగలడు. నలభై ఏళ్లనాటి ఆట వస్తువు తనకు ఏ సంబంధమూ లేని బోర్డుతో ఇంత సాఫీగా కలిసిపోవడం దాన్ని చేసినవాళ్ల పనితనానికి నిదర్శనం.

వాళ్ల ముందున్న సమస్య ఇది. ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, నాలుగు దిశలు కలిపి మొత్తం ఎనిమిది బటన్లు. బటన్‌కు ఒక తీగ చొప్పున లాగితే గ్రౌండ్‌తో కలిపి తొమ్మిది అవుతాయి. 1977 నాటి అటారీ జాయ్‌స్టిక్ ఆ పద్ధతిలోనే పనిచేసింది. కానీ దానికి నాలుగు దిశలు, ఒక బటన్ మాత్రమే. మసాయుకి ఉయెమురా నాయకత్వంలో ఫామికామ్‌ను తయారుచేసిన బృందం వేరే దారి పట్టింది. బజారులో ఎవరికైనా దొరికే 4021 అనే షిఫ్ట్ రిజిస్టర్ చిప్‌ను కంట్రోలర్‌లోనే పెట్టేసింది. దాంతో ఎన్ఈఎస్‌కు ఐదు తీగలు సరిపోయాయి. 5 వోల్టుల కరెంటుకు ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి, మిగతా మూడు లాచ్, క్లాక్, డేటా. బటన్ల కబురు మొత్తం ఒక్క డేటా తీగ మీదనే వస్తుంది.

ఇది జరిగే తీరు చూడాలి. ముందుగా లాచ్ తీగ మీద ఒక చిన్న పల్స్ పంపాలి. అసలు ఎన్ఈఎస్‌లో దాని నిడివి కొద్ది మైక్రోసెకన్లే. ఆ క్షణంలో ఎనిమిది బటన్ల స్థితినీ చిప్ ఒకేసారి తన ఎనిమిది గదుల్లోకి తీసుకుంటుంది. ఆ తర్వాత క్లాక్ తీగ మీద పల్స్ వచ్చిన ప్రతిసారీ, టికెట్ కౌంటర్ ముందు క్యూ కదిలినట్టు, ఒక్కో బిట్ ఒక్కో అడుగు ముందుకు జరుగుతుంది. వరుసలో ముందున్నది డేటా తీగ మీద కనిపిస్తుంది. నొక్కిన బటన్ సున్నా, నొక్కనిది ఒకటి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. లాచ్ దిగేసరికే ఎ బటన్ బిట్ డేటా తీగ మీద సిద్ధంగా ఉంటుంది. అందుకే ముందు చదవాలి, ఆ తర్వాతే క్లాక్ కొట్టాలి. ఆ లెక్కన ఎనిమిది బటన్లకు ఏడు క్లాక్‌లు చాలు. కొత్తవాళ్ల ప్రోగ్రాముల్లో ఎ బటన్ పనిచేయక, బి నొక్కితే ఎ అని చూపిస్తుంటే, క్లాక్ కొట్టాకే చదువుతున్నారని అర్థం.

ఈ చిప్ గొప్పతనం కళ్లారా చూడాలంటే వేగం తగ్గించాలి. డేటా పిన్‌లో చదివిన విలువను బోర్డు మీది ఎల్ఈడీకి పంపి, క్లాక్‌ను సెకనుకు ఒకసారి మాత్రమే కొట్టేలా ప్రోగ్రాం రాయండి. స్టార్ట్ బటన్ నొక్కి ఉంచి లాచ్ ఇవ్వండి, వెంటనే వేలు తీసేయండి. నాలుగో బిట్ వంతు వచ్చేసరికి ఎల్ఈడీ స్టార్ట్ నొక్కినట్టే చూపిస్తుంది. వేలు తీసేసి మూడు సెకన్లు దాటినా చిప్ మరిచిపోలేదు. మైక్రోసెకన్ల కోసం చేసిన పరికరం సెకన్ల నడకకూ తడబడకపోవడమే ఇందులోని అందం. అడిగేవాడు తన వీలు కొద్దీ అడగొచ్చు. అందుకే 16 మెగాహెర్ట్జ్ ఆర్డుయినో ఊనో మీద, మొదటి వారం నేర్చుకునే డిజిటల్‌రైట్, డిజిటల్‌రీడ్ ఆదేశాలతోనే పని జరిగిపోతుంది.

తొమ్మిదోసారి కూడా చదివి చూడండి. నింటెండో సొంత కంట్రోలర్‌లో చిప్ సీరియల్ ఇన్‌పుట్‌ను, అంటే వరుస చివర కొత్త బిట్లు చేరే పిన్‌ను, గ్రౌండ్‌కు కట్టేశారు. కాబట్టి ఎనిమిది బిట్లూ బయటికి వచ్చాక వచ్చేవన్నీ సున్నాలే. ఆర్డుయినో డేటా పిన్‌కు పుల్-అప్ (తీగను పైకి లాగి ఉంచే రెసిస్టర్) పెట్టి, కంట్రోలర్‌ను పీకేస్తే మాత్రం అన్నీ ఒకట్లే వస్తాయి. అంటే కంట్రోలర్ తగిలించి ఉందో లేదో తొమ్మిదో బిట్ చెప్పేస్తుంది, దానికోసం వేరే తీగ అక్కర్లేదు.

ఇదే శ్రద్ధ ప్లాస్టిక్‌లోనూ ఉంది. ప్లస్ ఆకారపు దిశల బటన్‌ను నింటెండోకే చెందిన గున్పే యొకోయ్ 1982లో డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ అనే చేతి ఆట కోసం రూపొందించాడు. అది మధ్యలో ఆనుకుని ఊగుతుంది, ఒక పక్క దిగితే ఎదుటి పక్క లేస్తుంది. ఎడమ, కుడి ఒకేసారి నొక్కడం మామూలుగా కుదరదు, కాబట్టి ఆ రెండూ కలిసి వస్తే ఏం చేయాలన్న బెంగ ప్రోగ్రాం రాసేవాడికి తక్కువ. బ్రెడ్‌బోర్డు మీద నాలుగు పుష్ బటన్లతో సొంత కంట్రోలర్ చేసుకునేవాళ్లు ఆ జాగ్రత్త ప్రోగ్రాంలోనే రాసుకోవాలి.

1990లో సూపర్ ఫామికామ్ వచ్చినప్పుడు బటన్లు పన్నెండయ్యాయి. ప్లగ్ ఆకారం మారింది, సంభాషణ మాత్రం మారలేదు. లోపలి సర్క్యూట్ రెండు 4021లను ఒకదాని వెనక ఒకటి తగిలించినట్టు పనిచేస్తుంది. ఆర్డుయినో ప్రోగ్రాంలో 8 ఉన్నచోట 16 వేస్తే చాలు. మంచి డిజైన్ పెరగడానికి చోటు ఉంచుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన ఇళ్లకు ఈ డిజైన్ వేరే పేర్లతో వచ్చింది. తొంభైల్లో టీవీకి తగిలించుకుని కాంట్రా, మారియో ఆడిన వీడియో గేముల్లో చాలావరకు ఫామికామ్‌కు నకళ్లే. వాటి కంట్రోలర్లకు ఎక్కువగా తొమ్మిది పిన్నుల ప్లగ్ ఉంటుంది. విప్పితే చిప్ బదులు బోర్డు మీద నల్లటి బొట్టు కనిపిస్తుంది. దాని కింద జరిగే పని 4021 పనే. వాటి తీగల రంగులను మాత్రం నమ్మకూడదు. మల్టీమీటర్‌తో ఏ తీగ ఏ పిన్‌కు పోతుందో చూసుకున్నాకే కరెంటు ఇవ్వాలి.

1996 నాటి నింటెండో 64ది మరో రకం పనితనం. దానిలో క్లాక్ తీగే లేదు. అడగడం, చెప్పడం రెండూ ఒకే తీగ మీద. బిట్‌కు 4 మైక్రోసెకన్లు. అందులో తీగ 1 మైక్రోసెకను కింద ఉండి 3 పైన ఉంటే ఒకటి, 3 కింద ఉండి 1 పైన ఉంటే సున్నా. ఊనోకు ఒక మైక్రోసెకను అంటే 16 క్లాక్ అడుగులు మాత్రమే. డిజిటల్‌రైట్ పూర్తయ్యేలోపే ఆ సమయం దాటిపోతుంది. కాబట్టి ఇంటరప్ట్‌లు ఆపేసి, అసెంబ్లీలో అడుగులు లెక్కపెట్టి రాయాలి. పైగా అది 3.3 వోల్టుల కంట్రోలర్, ఊనో పిన్ 5 వోల్టులు పంపితే దెబ్బతినవచ్చు. దీనికి ఔత్సాహికులు వాడే ఉపాయం చక్కనిది. పిన్‌ను ఎప్పుడూ పైకి నెట్టరు. కిందికి లాగుతారు, లేదా ఇన్‌పుట్‌గా మార్చి వదిలేస్తారు. పైకి లేపే పని 3.3 వోల్టులకు కట్టిన రెసిస్టర్ చూసుకుంటుంది.

2006లో నింటెండో వీ (Wii)తో వచ్చిన నన్‌చక్ కంట్రోలర్ ఐ-స్క్వేర్డ్-సీ పద్ధతిలో మాట్లాడుతుంది. అదీ 3.3 వోల్టులదే. ప్రతిసారీ ఆరు బైట్లు పంపుతుంది. జాయ్‌స్టిక్‌కు రెండు, మూడు అక్షాల కదలికకు మూడు. కదలిక కొలత ఒక్కోటి పది బిట్లు కాబట్టి అక్షానికి రెండేసి బిట్లు మిగిలిపోతాయి. ఆ ఆరు బిట్లకు రెండు బటన్లూ తోడై ఆరో బైట్ సరిగ్గా నిండుతుంది. ఒక్క బిట్ కూడా వృథా పోలేదు.

ఈ మూడింటిలో నా ఓటు ఎన్ఈఎస్‌కే. తర్వాతివి తెలివైనవే, కానీ ఎదుటివాడి నుంచి వేగం కోరతాయి, వోల్టేజీ కోరతాయి. ఎన్ఈఎస్ కంట్రోలర్ ఎదుటివాడి ఓపికకు తగ్గట్టు నడుస్తుంది. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లలకు చేతికివ్వాల్సిన మొదటి పాఠం అదే. అటక మీద పాత వీడియో గేమ్ కంట్రోలర్ ఉంటే పాత సామాన్ల బండికి వేయకండి. లేకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట ఒక 4021 చిప్, ఎనిమిది పుష్ బటన్లు, ఎనిమిది రెసిస్టర్లు అడిగి తీసుకోండి. మీ కంట్రోలర్ మీరే తయారుచేసుకోవచ్చు.