ముందు ఏ షీటో చెప్పండి

అక్రిలిక్‌ను లేజర్ కోస్తున్నప్పుడు నేను చూసేది అంచునే. రంపంతో కోస్తే గీతలు పడి మసకబారుతుంది, ఎమరీ కాగితంతో రుద్ది పాలిష్ పట్టాలి. లేజర్ కోసిన అంచు అప్పటికప్పుడే గాజులా మెరుస్తుంది. వేడికి అక్రిలిక్ బొగ్గవదు. ఏ ద్రవం నుంచి తయారైందో చాలావరకు ఆ పదార్థంగానే మారి ఆవిరైపోతుంది, మిగిలిన అంచు పైపైన కరిగి నునుపుదేలుతుంది. ఆ ఆవిరి చటుక్కున అంటుకుంటుంది కూడా. అందుకే మెషీన్ నడుస్తుండగా టీ తాగడానికైనా కదలకూడదు.

ఈ పని చేసే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఆ కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు, కంటికి కనపడదు. మామూలు వెలుతురును వదిలేసే పారదర్శకమైన అక్రిలిక్, దీన్ని మాత్రం పూర్తిగా పీల్చుకుంటుంది. చవకగా దొరికే నీలి డయోడ్ లేజరైతే అదే షీటులోంచి దూరి వెళ్లిపోతుంది.

లేజర్‌తో అక్షరాలు చెక్కడానికి కాస్ట్ (పోతపోసి చేసిన) అక్రిలిక్ షీటే కావాలి. దానిమీద అక్షరం తెల్లగా తేలుతుంది. ఎక్స్‌ట్రూడెడ్ (కరిగించి అచ్చులోంచి నెట్టి తీసిన) షీటు మీద అదే అక్షరం వెలవెలబోతుంది. జ్ఞాపికలు చేయించుకునేవాళ్లు ఇది అడిగి తెలుసుకోవాలి.

నాకు అసలు బెంగ పీవీసీ గురించి. బోర్డుల దుకాణాల్లో వాడే తెల్ల ఫోమ్ షీట్లు చాలావరకు అదే. లేజర్ తగిలితే దాన్నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, తేమ తగిలితే ఆమ్లమవుతుంది. లెన్సు పాడవుతుంది, పట్టాలు తుప్పు పడతాయి. యజమానులు ఆ నష్టం లెక్కేసుకుంటారు. పక్కన నిలబడి పొగ పీల్చే కుర్రాడి ఊపిరితిత్తులు ఎవరి లెక్కలోకీ రావు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అంటారు. ఆ గొట్టం తెరుచుకునేది జనం తిరిగే సందులోకే కదా!

అనుమానం వస్తే ఆరుబయట రాగి తీగ చివర ఎర్రగా కాల్చి, షీటు ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టు లెక్క. ఆ షీటును మెషీన్‌లో పెట్టొద్దు. దానికి కత్తో, రూటరో చాలు. కోయగా మిగిలిన తునకల మీద మార్కరుతో షీటు పేరు రాసిపెట్టండి. పైకాగితం ఊడిపోయాక తెల్ల అక్రిలిక్ ఏదో, తెల్ల పీవీసీ ఏదో కొత్తగా పనిలో చేరినవాడు పోల్చుకోలేడు.