కొట్టివేతల్లో పుట్టిన బొమ్మలు

మనసు వేరే ఆలోచనలో ఉండగా చేయి కాగితం మీద తోచినట్లు గీసుకుంటూ పోయే గీతలను పిచ్చిగీతలని తేలిగ్గా తీసిపారేయడం లోకరీతి. అయితే అవి ఎంత దూరం పోగలవో రవీంద్రనాథ్ ఠాకూర్ చిత్తుప్రతులు, అంటే దిద్దుబాట్లతో నిండిన తొలి రాతప్రతులు, తేటతెల్లం చేస్తాయి. నచ్చని పదాన్ని కొట్టివేసి ఊరుకోక, ఆ కొట్టివేతలను ఒకదానితో మరొకటి కలిపి, ఆయన వాటిని పక్షిగానో, ఏ అడవిలోనూ కనిపించని జంతువుగానో మలిచేవారు. సిరాతో మూసిన పదం ఎంత పొడవుంటే ఆ జంతువుకు అంత నడుము దక్కేది, పంక్తుల మధ్య ఎడం ఎటు దారి ఇస్తే మెడ అటు వంగేది. కనుక ఆ రూపాలను కవి ముందుగా ఊహించుకొని గీశారనడం కంటే, దిద్దుబాటే వాటికి దారి చూపిందనడం సబబు. 1924లో అర్జెంటీనాలో అస్వస్థుడై, రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆతిథ్యంలో ఉన్నప్పుడు ఆయన రాసుకున్న 'పూరబి' కవితల నోటుపుస్తకంలోని ఇలాంటి ఆకృతులు ఆమెను ఆకట్టుకున్నాయి. 1930లో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో ఆయన చిత్రాల ప్రదర్శనకు తోడ్పడినదీ ఆమే. చిత్రకళలో పద్ధతిగా శిక్షణ పొందని ఆ చేయి, అరవై దాటాక పూర్తిగా బొమ్మల వైపు మళ్లి, రెండు వేలకు పైగా చిత్రాలు వేసింది. వాటిలో తడబాటు కనిపించేవీ లేకపోలేదు, పైగా కొట్టివేతల నుంచి పుట్టిన తొలి రూపాల్లోని చిలిపితనం తర్వాతి రంగుల చిత్రాల్లో అరుదు.