సాక్షి ఎప్పుడు అమరవీరుడయ్యాడు? లాటిన్‌లోని గ్రీకు పదాలపై ఒక విమర్శ

మనం నిత్యం చేతపట్టే ‘కలం’ తెలుగు మాట కాదని పాఠకులకు తెలిసినదే. అది ఉర్దూ ద్వారా మనకు వచ్చింది; దానికి మూలం అరబీ ‘ఖలమ్’. అరబీ నిఘంటుకారులు దానిని చెక్కుట, కత్తిరించుట అనే అర్థంగల ధాతువుతో ముడిపెట్టగా, ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు అనేకులు గ్రీకు ‘కాలమోస్’ను చూపుతారు. కాలమోస్ అంటే రెల్లు. ఏటిగట్టున పెరిగే రెల్లు, దానితో చేసిన పిల్లనగ్రోవి, దానిని చెక్కి వ్రాసే పుల్ల, ఈ మూడూ గ్రీకువానికి ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉండేవి. మనదాకా వచ్చేసరికి వ్రాసే సాధనం ఒక్కటే మిగిలింది. కలం అనగానే మనలో ఎవరికీ రెల్లు గుర్తుకు రాదు.

అరువు వచ్చిన మాట ఇలా ఒక్క అర్థంతోనే వచ్చి, మిగిలినవాటిని పుట్టింట వదలిపెట్టడం పరిపాటి. గ్రీకు పదాలను స్వీకరించి లాటిన్ సంపన్నమైందని భాషాచరిత్రకారులు మెచ్చుకుంటారు. ఆ మెప్పులో సగమే నిజమున్నదని, మతసంబంధమైన పదాల విషయంలో అది ఒక పెద్ద నష్టాన్ని కప్పిపుచ్చుతున్నదని నా అభిప్రాయం.

బజారులోనూ ఓడరేవులోనూ చేతులు మారిన మాటల గురించి నాకు ఫిర్యాదు లేదు. దక్షిణ ఇటలీలో, సిసిలీలో గ్రీకు పట్టణాలు వెలసి ఉండగా రోమనులు వారి నుండి నూనెకు ‘ఓలియుమ్’, లంగరుకు ‘ఆంకోరా’, యంత్రానికి ‘మాకినా’ నేర్చుకున్నారు. ఓడ చుక్కానిని త్రిప్పుట అనే అర్థంగల గ్రీకు క్రియ లాటిన్‌లో ‘గుబెర్నారే’ అయి, రాజ్యాన్ని నడుపుటకు కూడా చెల్లింది. ఇంగ్లీషులో ప్రభుత్వాన్ని ‘గవర్నమెంటు’ అనడం దాని ఫలితమే. ‘పోయినే’ అనే మాట మరింత ఆసక్తికరమైనది. గ్రీకులో అది హత్యకు పరిహారంగా చెల్లించే సొమ్ము, అనగా మన ధర్మశాస్త్ర పరిభాషలో ‘దియత్’ వంటిది. లాటిన్ ‘పోయెనా’లో అది శిక్షగా మారింది. ఇవన్నీ జనం నోట నలిగి, స్వంతమై, సహజంగా పెరిగిన మాటలు.

పండితులు పూనుకొని చేసిన పని వేరు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో లుక్రేషియస్ తన తాత్విక కావ్యంలో మాతృభాష పేదరికాన్ని గురించి వాపోయాడు. అయినా ‘ఆటొమోస్’ అనే గ్రీకు మాటను మాత్రం ముట్టుకోలేదు. బీజాలు, ఆదివస్తువులు అనే అర్థంవచ్చే లాటిన్ మాటలతోనే పరమాణు సిద్ధాంతాన్నంతటినీ చెప్పాడు. ఆయన సమకాలికుడైన సిసిరో మాత్రం గ్రీకుకంటె లాటిన్ సంపన్నమైనదని వాదించాడు. ‘ఫిలాసఫియా’ వంటివి వాడుకలో స్థిరపడ్డాయి గనుక వాటిని మనవిగానే ఎంచుకోవచ్చునంటూ, మరొకవైపు ‘క్వాలితాస్’, ‘మొరాలిస్’ వంటి మాటలను లాటిన్ ధాతువుల నుండే స్వయంగా కల్పించాడు. భాష పేదదన్నవాడు అరువు తేకుండానే గట్టెక్కాడు. సంపన్నమన్నవాడు అరువును సమర్థించాడు! ఇద్దరిలో నాకు లుక్రేషియస్ పద్ధతే నచ్చుతుంది. చదువరికి తెలిసిన విత్తనంతో మొదలుపెట్టి తెలియని పరమాణువు వద్దకు తీసుకుపోయాడు గదా!

ఇక అసలు విషయానికి వద్దాము. క్రైస్తవం గ్రీకు భాషలో రోము చేరింది. లాటిన్ మాట్లాడే విశ్వాసుల కోసం గ్రంథాలను అనువదించవలసి వచ్చినప్పుడు కీలకమైన మాటలు అనేకం అనువాదం కాకుండానే ఉండిపోయాయి. గ్రీకులో ‘ఆంగెలోస్’ అంటే వార్తాహరుడు. రాజు పంపినవాడైనా, దేవుడు పంపినవాడైనా ఒకటే మాట. లాటిన్‌లో అలాంటి మాట లేక కాదు. ‘నూన్తియుస్’ ఉండనే ఉన్నది. అయినా ఆకాశవాసికి ‘ఆంగెలుస్’ అని గ్రీకు పేరు నిలిపి, మనిషికి నూన్తియుస్‌ను వదిలారు. దీని పర్యవసానం వుల్గేట్ అనబడే లాటిన్ బైబిలులో స్పష్టంగా కనబడుతుంది. లూకా సువార్త ఏడవ అధ్యాయంలో యోహాను (యహ్యా అలైహిస్సలాం) పంపిన మనుషులు నూన్తియులు. అదే అధ్యాయంలో కొద్ది వాక్యాల తరువాత, ముందుగా పంపబడిన దూతగా యోహానును చెప్పేచోట మాత్రం ఆయన ‘ఆంగెలుస్’. మూలంలో రెండుచోట్లా ఉన్నది ఒకే పదం! లాటిన్ మాత్రమే చదివినవానికి ఈ సంబంధం ఎన్నటికీ తెలియదు.

ఖుర్ఆన్‌లో ‘రసూల్’ అనే మాట చీలిపోలేదు. రాజు పంపగా యూసుఫ్ (అ) వద్దకు చెరసాలకు వచ్చినవాడు రసూల్ (12:50). మర్యమ్ ఎదుట నిలిచిన దైవదూత తాను నీ ప్రభువు పంపిన రసూల్‌నని చెప్పాడు (19:19). దేవదూతలలో నుండీ, మానవులలో నుండీ రసూళ్లను అల్లాహ్ ఎన్నుకుంటాడని మరొకచోట ఉన్నది (22:75). మన తెలుగు ‘దూత’ కూడా ఇంతటి విస్తృతి గలదే.

‘మార్తుస్’ కథ ఇంతకంటె బరువైనది. గ్రీకు న్యాయస్థానంలో అది సాక్షికి పేరు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవానికి ఆ పేరు రావడానికి కారణం అతడు సాక్ష్యమిచ్చినందుకే; చావు ఆ సాక్ష్యానికి ముద్ర మాత్రమే. లాటిన్‌లో సాక్షికి ‘టెస్తిస్’ ఉన్నది గనుక ‘మార్టిర్’ అనే అరువు మాట చంపబడినవానికే పరిమితమైంది. వుల్గేట్ అనువాదంలోనే తడబాటు కనబడుతుంది. రక్తం చిందించిన స్తెఫనును అపొస్తలుల కార్యములలో ‘టెస్తిస్’ అనే అన్నారు. ప్రకటన గ్రంథం పదిహేడవ అధ్యాయానికి వచ్చేసరికి ‘మార్టిర్’లు ప్రత్యక్షమవుతారు. అప్పటినుండి యూరపు భాషలలో ఆ మాట వినగానే స్ఫురించేది మరణమే. అతడు ఏమి చూచాడు, ఏమి చెప్పాడు అన్న ప్రశ్న ప్రక్కకు పోయింది.

అరువు తెచ్చినవారి పక్షాన చెప్పదగినది లేకపోలేదు. పాత లాటిన్ మాటలకు విగ్రహారాధన వాసన అంటి ఉండేది. జోస్యం చెప్పే ‘వాతెస్’ను ప్రవక్త అనడానికి క్రైస్తవులు జంకి, ‘ప్రొఫేతా’ అనే గ్రీకు పదాన్ని ఉంచుకున్నారు. అది సబబే. ప్రవక్తను ‘అవతారం’ అనడానికి మనం ఒప్పుకోనట్లే అది కూడా. అంతేకాక, అనువదించినంత మాత్రాన ప్రమాదం తప్పదు. గ్రీకు ‘హైపోస్తాసిస్’ను ముక్కకు ముక్కగా పేర్చితే వచ్చే లాటిన్ మాట ‘సుబ్‌స్తాన్తియా’. కాని త్రిత్వ వాదంలో గ్రీకులు మూడు హైపోస్తాసిసులు అంటుండగా లాటిన్ వారు ఒకే సుబ్‌స్తాన్తియా అన్నారు! క్రీ.శ. 370ల దశకంలో సిరియా ఎడారి నుండి జెరోము ఈ మూడింటి మాట తాను అనవచ్చునా కూడదా అని పోపు దమాసుకు ఆందోళనతో లేఖ వ్రాయవలసి వచ్చింది. ఒక సిద్ధాంతం నిలబడడానికి రెండు భాషల నిఘంటువుల మధ్య ఇంత మధ్యవర్తిత్వం అవసరమైందన్న సంగతి గమనార్హం.

అయితే ‘బాప్తిస్మా’కు ఆ సమర్థన చాలదు. గ్రీకులో అది ముంచుట, కడుగుట. గిన్నెలు కడగడానికి కూడా మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ఆ కుటుంబపు మాటే వాడబడింది. కార్తేజి నివాసి తెర్తుల్లియన్ ముంచుటకు శుద్ధమైన లాటిన్ క్రియనే వాడి చూచాడు, అది నిలవలేదు. చివరకు గిన్నెలకు, చెంబులకు సైతం వుల్గేట్‌లో ‘బాప్తిస్మాత’ జరిగింది!

నవ్వుకొని ఊరుకోవడానికి వీలులేదు. మార్టిర్‌కు పట్టిన గతే మన ఇంట్లో ‘షహీద్’కు పట్టింది. అరబీలో షహీద్ అంటే సాక్షి కూడా. కాని ఉర్దూలో సాక్షికి ఫార్సీ ‘గవాహ్’ ఉన్నది. తెలుగులో ‘సాక్షి’ ఉన్నది. కనుక షహీద్ అనగానే మనకు తోచేది ప్రాణత్యాగి ఒక్కడే. మీరు ప్రజలపై సాక్షులుగా ఉండాలని సమాజమంతటితో చెప్పిన ఆయతు (2:143) బ్రతికియున్నవారి కర్తవ్యాన్ని చెబుతున్నది. అక్కడ ఉన్నది ‘షుహదా’, షహీద్‌కు బహువచనం. దానిని తెలుగులో ‘సాక్షులు’ అని, అల్లాహ్ అనుగ్రహించిన వారిని పేర్కొనే ఆయతు (4:69)లో అదే షుహదాను ‘షహీదులు’ అని వ్రాస్తే, రెండూ ఒకటేనని చదువరికి ఎలా తెలుస్తుంది? అరువు మాటను తీసివేయమని నేను అనడం లేదు. అది మన నాలుకపై స్థిరపడింది. అప్పుపత్రానికి ఇద్దరు మనుషులను పిలిపించమన్న ఆయతు (2:282)లో వాడినది కూడా ఈ ‘షహీద్’ పదమేనని, తెలుగు అనువాదకుడు ఆ పుట అడుగున ఒక్క పంక్తి చేర్చితే చాలు.