స్ప్రాట్టు నావికుని క్రీటు ద్వీపగ్రంథము: విమర్శనము

ప్రాచీనగ్రంథమునం దర్థము పొసఁగనిచోటఁ బాఠమును దిద్దుట పండితులమగు మనకు స్వభావమైనది. ఆ దిద్దుబాటునకు హద్దెచ్చటనో తెలుపు గ్రంథ మొకటి నావికునిచే వ్రాయఁబడియున్నది. బ్రిటిషు నౌకాసైన్యమునకుఁ జెందిన థామస్ స్ప్రాట్టు 1850 తరువాతి సంవత్సరములలోఁ గ్రీటు ద్వీపమును నౌకతోఁ జుట్టి, తీరము కొలిచి, పటములు సిద్ధపఱచి, 1865లోఁ దన పర్యటనలను బరిశోధనలను రెండు సంపుటములుగాఁ బ్రకటించెను. వ్యాకరణము తప్ప వేఱొక శాస్త్ర మెఱుఁగని నేను దీనిని విమర్శింపఁ బూనుట సాహసమే. అయినను ఇందలి విచారపద్ధతి మన శాస్త్రమునకు దగ్గఱిది యని తోఁచుటచే నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

క్రీటు మధ్యధరాసముద్రమునఁ దూర్పుపడమరలుగా రమారమి 260 కిలోమీటర్ల పొడవుగల దీవి. దాని పడమటి కొనను ఫలసర్న యను పురాతనపట్టణ ముండెను. స్కైలాక్సు పేరఁ జెల్లుచున్న గ్రీకు గ్రంథ మొకటి, క్రీ.పూ. 4వ శతాబ్దినాఁటిది, తీరము వెంబడి రేవులను వరుసగాఁ జెప్పుచు, ఫలసర్నయందు మూయఁబడిన రేవు కలదనుచున్నది. అనఁగా గోడలచే రక్షింపఁబడి, ప్రవేశము నరికట్టఁదగిన రేవని భావము. కాని యచ్చటికిఁ బోయి చూచిన నట్టి రేవు నీటియొద్దఁ గానరాదు. శిథిలములు మెట్టనేల నున్నవి. ఆ గ్రంథపు వ్రాఁతప్రతియో లేఖకదోషములు మెండుగాఁ గలది. ఇఁక నేమి? రేవను మాట ప్రమాదపతితమని కొట్టివేయుటకుఁ గావలసిన సామగ్రి యంతయు సిద్ధముగా నున్నది.

స్ప్రాట్టు అట్లు చేయలేదు. తీరము పొడవునను గొండఱాళ్లపై నలల యొఱపిడిచే నేర్పడిన పాఁతగీఁతల నతఁడు గుఱుతించెను. మధ్యధరాసముద్రమునఁ బోటుపాటులు స్వల్పములు కావున నట్టి గీఁత స్పష్టముగా నిలుచును. పడమట నా గీఁతలు నేఁటి నీటిమట్టమునకుఁ జాల పైన నున్నవి. ఫలసర్నయొద్ద నా యెత్తు ఆఱు మీటర్లకు మించినది. తూర్పుతీరమున ఒలూస్ పట్టణపు గోడలు మాత్రము నీట మునిఁగి కనఁబడును. కావున గ్రంథకర్త తప్పలేదు, లేఖకుఁడును దప్పలేదు, నేలయే లేచినది. ఎండిన పల్లమే నాఁటి రేవని యతఁడు నిర్ణయించెను. 1986 మొదలు జరిగిన త్రవ్వకములలో రేవుగోడలును బురుజులును బయల్పడి యా నిర్ణయమును స్థిరపఱచినవి.

ఈ గ్రంథమునకు లోపములు లేవనరాదు. భూగర్భవిషయములు, జీవజాలము, శిథిలములు ఒక్కచోటఁ బెనఁగొని చదువరిని శ్రమపెట్టును. నేల లేచిన కాలమును నిర్ణయించు సాధనము లానాఁడు లేవు, దానిని క్రీ.శ. 365 జూలై 21నాఁటి మహాభూకంపముతో ముడిపెట్టుట తరువాతి పరిశోధకుల పని. క్నోసోస్ త్రవ్వకములు 1878లోఁగాని మొదలు కాలేదు గనుక, గ్రీకులకుఁ బూర్వపు క్రీటునాగరికత యిందుఁ గానరాకుండుట గ్రంథకర్త దోషము గాదు.

లక్షణము లక్ష్యమునకు ముందు నడచినచో నేమగునో యదే దీవియందు వేఱొక యుదాహరణము కలదు. 1900లోఁ గ్నోసోస్ త్రవ్వింప మొదలిడిన ఆర్థర్ ఎవాన్సు లిపి చెక్కిన మట్టిపలకలను వేలకొలఁది వెలికిఁ దెచ్చెను. అతని సేవ గొప్పది. కాని యందలి భాష గ్రీకు కాదను తలఁపు నతఁడు విడువఁడయ్యెను. 1940వ దశకమున ఆలిస్ కోబరను విదుషి, భాష యేదో ముందుగా నిశ్చయింపక, లీనియర్ బి యను లిపిలో నొకే పదమునకుఁ దుద మాత్రము మాఱుటను వరుసలు గట్టి చూపెను. ధ్వని తెలియకయే విభక్తి తెలిసినది! ఆ త్రోవ సాయమున 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ భాష గ్రీకే యని తేల్చెను. ప్రకృతిప్రత్యయవిభాగ మెఱిఁగినవారి కిది పరమానందకరము.

ఈ గ్రంథము చదివినప్పుడు నా తప్పొకటి నాకు జ్ఞప్తికి వచ్చినది. ఒక తాళపత్రప్రతిలో సముద్రవర్ణనమునఁ ‘బాటు’ అని యుండఁగా, లేఖకుఁ డచ్చును మార్చెనని తలఁచి ‘పోటు’ అని దిద్దితిని. కొన్నాళ్లకు సముద్రతీరమున నొక జాలరి, వెనుకకుఁ దీయుచున్న నీటిని జూపి, ‘పాటు మొదలైనదండీ’ అనెను. ప్రతి సరియైనది, నా దిద్దుబాటే తప్పు. వైయాకరణునకుఁ బ్రయోగమే శరణమని శిష్యులకుఁ జెప్పుచునే, ఆ ప్రయోగము నడుగుటకు మైలుదూరము నడువనైతిని.

కావునఁ బాఠపరిష్కర్తలకు నా విన్నపము: సవరణ యెంత సమంజసముగాఁ దోఁచినను, మూలప్రతిలోని పాఠమును బుట యడుగున నిలుపుఁడు. మనకుఁ గనఁబడని రేవు మన తరువాతివారికిఁ గనఁబడవచ్చును.