హార్డ్ డిస్కు నాడి తెలిసిన చేతులు

హార్డ్ డిస్కు నెమ్మదించడం, వేడెక్కడం చాలాసార్లు జంటగానే వస్తాయి. కానీ మూలం ఒకటే కానక్కరలేదు. అది తేల్చడంలోనే ఇచ్ఛాపురం, పలాస వంటి ఊళ్లలో కంప్యూటర్ మెకానిక్ పనితనం తెలుస్తుంది. ఆ ఊళ్లున్న ఉద్దానం తీరంలో ఉప్పుగాలి, చెమ్మ ఎక్కువ; వాటికి దుమ్ము తోడై ఫ్యాను రెక్కలకు జిగురులా అంటుకుంటుంది.

పని తెలిసినవాడు ముందు డేటాను వేరేచోటికి కాపీ చేస్తాడు, స్క్రూడ్రైవర్ ఆ తర్వాతే. పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే ఆ పెట్టెకు చెవి ఒగ్గి వింటాడు. టక్‌టక్‌మని చప్పుడొస్తే ఇక కదపడు. లేకుంటే డిస్కు తన లోపాలను తానే లెక్కగట్టుకునే స్మార్ట్ రిపోర్టు తెరుస్తాడు: 5, 197 వరుసల్లో లెక్క సున్నా దాటితే పళ్లెం మీదే లోపం, 199 వరుసలో లెక్క పెరుగుతుంటే అనుమానం సాటా కేబుల్ మీదికి. వందో రెండొందలో పెట్టి కేబుల్ మారిస్తే పోయేదానికి కొత్త డిస్కు అంటగట్టకపోవడమే ఈ వృత్తిలో నిజాయితీ.

వేడి సంగతి తేలిక. చాలా డిస్కులకు కంపెనీలు పెట్టిన హద్దు 60 డిగ్రీలు. బ్రష్షుతో దుమ్ము దులిపి, గాలి ఆడేలా కేబుళ్లు పక్కకు కట్టేస్తే తరచూ దిగిపోతుంది. 197 వరుసలోని లెక్క మాత్రం రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్కును నమ్మకూడదు.