అక్కే అత్తగారైన ఇంటి పటం

ఫ్యామిలీ థెరపిస్టుకు కావలసిన సరంజామా ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు. ఆ కాగితం మీద గీసే పటం పేరు జీనోగ్రామ్. మూడు తరాలు ఒక్క పేజీలో ఇమడాలి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, లోపల వయసు. పోయినవాళ్ల గుర్తు మీద ఇంటూ. భర్త ఎడమన, భార్య కుడిన, ఇద్దరినీ కలుపుతూ పెళ్లి గీత. ఆ గీత నుంచి పిల్లలు దిగుతారు, పెద్దబిడ్డ ఎడమ చివర. ఎవరి కోసం వచ్చారో ఆ మనిషి గుర్తుకు జంట అంచు.

ఇంతవరకైతే వంశవృక్షమే. అసలు పనితనం రెండో పొరలో ఉంది. విడదీయరానంతగా అల్లుకుపోయిన ఇద్దరి మధ్య మూడు గీతలు, తగువుకు వంకరటింకర గీత, మాటలు లేకపోతే మధ్యలో తెగిన గీత. ఈ గుర్తులను 1985లో మోనికా మెక్‌గోల్డ్రిక్, రాండీ గెర్సన్ తమ పుస్తకంలో ఒక పద్ధతిలో పెట్టారు. వాటి వెనకున్న ఆలోచన చాలావరకు ముర్రే బోవెన్‌ది. ఈ అమెరికన్ వైద్యుడు 1954 నుంచి స్కిజోఫ్రెనియా రోగులతోపాటు మొదట తల్లులను, తర్వాత ఇంటిల్లిపాదినీ ఆస్పత్రిలో ఉంచి గమనించాడు. ఇద్దరి మధ్య ఒత్తిడి భరించలేనిదైతే మూడో మనిషిని లోపలికి లాగుతారు. దాన్నే ఆయన త్రికోణం అన్నాడు. ఆ దశాబ్దంలోనే అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువులను వాళ్ల దగ్గరే ఉంచారు. ఈ విషయం మనవాళ్లకు ఇంకా ఎక్కువగా తెలియాలి.

ఈ గీతలు మన ఇళ్లకు ఎంతవరకు సరిపోతాయి? రాయచూరు జిల్లా కల్లూరు వైపు ఒక ఇంటిని ఊహిద్దాం. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు వచ్చాక తాత కోస్తా నుంచి వచ్చి, అక్కడ వలస రైతుల ఊళ్లను పిలిచే పేరైన ‘క్యాంపు’లో పొలం కొన్నాడు. ఆయనకు ఒక కూతురు, ఒక కొడుకు. కొడుకు తన అక్క కూతుర్నే చేసుకున్నాడు. వాళ్ల పదిహేనేళ్ల అమ్మాయికి ఫిట్స్ వస్తున్నాయి. న్యూరాలజీ పరీక్షలన్నీ అయ్యాయి, మెదడులో ఏ లోపమూ లేదన్నారు. పిల్ల నటించడం లేదు, నిజంగానే స్పృహ తప్పుతోంది.

పటం గీయబోతే పెళ్లి గీత అడ్డంగా రాదు. మొగుడు పై వరసలో, పెళ్లాం కింది వరసలో ఉన్నారు. గీత ఏటవాలుగా దిగుతుంది, దగ్గరి రక్తసంబంధం కాబట్టి జంటగీత అవుతుంది. అమ్మాయికి అమ్మమ్మే మేనత్త కూడా. తండ్రికి అక్కే అత్తగారు. ఇప్పుడు ఆ అక్క పొలంలో వాటా అడిగింది, తమ్ముడు మాట మానేశాడు. వాళ్లిద్దరి మధ్య గీసిన ఒక్క తెగిన గీతకు అర్థాలు రెండు: తోబుట్టువుల తగువు, అత్తా అల్లుళ్ల తగువు. ఆ గీతకు కింద, సరిగ్గా మధ్యలో, అమ్మాయి తల్లి ఉంది. పుట్టింటి కబురు మోసేదీ, మొగుడి కోపం మోసేదీ ఆవిడే. మామూలు ఇంట్లో రెండు త్రికోణాలుగా పరుచుకునే బరువు ఇక్కడ ఒక్కదానిలో పడింది.

మరి అమ్మాయి ఎక్కడ? దీనికి మిలాన్ ఫ్యామిలీ థెరపిస్టుల బృందం తీర్చిదిద్దిన ప్రశ్నల పద్ధతి పనికొస్తుంది. ఇద్దరి సంగతి మూడోవాళ్లను అడగాలి. థెరపిస్టు పన్నెండేళ్ల తమ్ముడి వైపు తిరుగుతుంది.

“అక్కకు ఫిట్స్ వస్తే ముందు ఎవరు లేస్తారు?”

“నాన్న.”

“తర్వాత?”

“అమ్మమ్మకు ఫోన్ చేస్తాడు.”

మాటలు లేని ఇద్దరూ మాట్లాడుకునేది ఆ ఒక్క ఫోన్‌లోనే. పిల్లాడి రెండు జవాబులతో అమ్మాయి గుర్తు నుంచి పైకి రెండు గీతలు లేచాయి. ఇక్కడ ఎవరూ దోషి కాదు. ఫిట్స్ ఆ ఇంట్లో ఏ పని చేస్తున్నాయో మాత్రం కనిపిస్తుంది.

పటాన్ని వాళ్ల వైపు తిప్పాక తండ్రి చాలాసేపు చూస్తాడు. తర్వాత సాధారణంగా వచ్చే మాట ఒకటుంది: “మీరే మా అక్కకు ఒక్కసారి ఫోన్ చేసి చెప్పండమ్మా.” థెరపిస్టు ఒప్పుకోదు. ఒప్పుకుంటే మధ్యలో కబురు మోసే మనిషి మారుతుంది తప్ప త్రికోణం అలాగే ఉంటుంది. పిల్లకు బాగున్న రోజు చూసి, భార్యను వెంట తీసుకోకుండా అక్క ఇంటికి వెళ్లి పొలం సంగతి నేరుగా మాట్లాడమంటుంది. ఆ సంభాషణలో మొదటి రెండు వాక్యాలు ఎలా ఉండాలో అతనితో కూర్చుని సాధన చేయిస్తుంది.